ఎమ్మెల్యేను మధ్యలో దించే కాగితం ముందు ఎవరి చేతికి పోతుంది?

మిగతావాళ్ళకు కూడా తెలిసేలా ముందు మీ ప్రశ్న రెండు మాటల్లో చెబుతాను. మీ ఎమ్మెల్యే ఓట్లప్పుడు వచ్చి పోయినాయన మళ్ళీ ఊరి మొహం చూడలేదు. వేయిస్తానన్న రోడ్డు వేయించలేదు. పైగా పార్టీ మారతాడని బజార్లో అనుకుంటున్నారు. పని చేయని పాలేరును సంవత్సరం నిండకుండానే మాన్పిస్తాం కదా, ఎమ్మెల్యేను మాత్రం ఐదేళ్ళు ఎందుకు భరించాలి, అమెరికాలో ఉన్న రీకాల్, అంటే ఓటర్లే మధ్యలో దించే పద్ధతి, మనకెందుకు లేదు అని అడిగారు.

రోడ్డు వేయలేదని, ఊరికి రాలేదని సంతకాలు పోగేసి దించే పద్ధతి వద్దంటాను. పార్టీ మారినందుకు దించే పద్ధతి మాత్రం ఉండి తీరాలంటాను, అదీ సంతకాలతో పని లేకుండా. కండువా మార్చిన రోజే సీటు ఖాళీ అయిపోవాలి, ఆయన మళ్ళీ మీ ముందుకొచ్చి ఓటు అడగాలి. నేను రెవెన్యూలో పనిచేసి తహసీల్దారుగా రిటైరై చిత్తూరులో ఉంటున్నాను. ఓటర్ల జాబితాలు, నామినేషన్లు, అవిశ్వాస సమావేశాలు, లెక్కింపు హాళ్ళు, అన్నిటి దగ్గరా నిలబడినవాణ్ణి కాబట్టి నా దృష్టి సిద్ధాంతం కంటే కాగితం ఎట్లా కదులుతుందన్న దాని మీదే ఎక్కువ ఉంటుంది.

చట్టం సంగతి తొందరగా ముగిస్తాను. మన దేశంలో ఎమ్మెల్యేను గానీ ఎంపీని గానీ ఓటర్లు మధ్యలో దించే దారి ఇప్పుడు లేదు. రాజ్యాంగం 172వ అధికరణం అసెంబ్లీకి ఐదేళ్ళు ఇచ్చింది. ఈలోపల సీటు పోవాలంటే ఆయన చనిపోవాలి, రాజీనామా చేయాలి, లేదా అనర్హత పడాలి. రెండేళ్ళో అంతకన్నా ఎక్కువో జైలుశిక్ష పడితే అనర్హతే. అప్పీలు వేసుకున్నానని చెప్పి సీట్లో కూర్చునే వెసులుబాటును 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్టీ మారితే పదో షెడ్యూలు ఉంది, దాని కథ తర్వాత చెబుతాను. రీకాల్ కావాలని 1974లో జయప్రకాశ్ నారాయణ్ అడిగారు. ఆ ఏడాదే సీకే చంద్రప్పన్ లోక్‌సభలో రాజ్యాంగ సవరణ బిల్లు పెడితే వాజపేయి మద్దతిచ్చారు, బిల్లు మాత్రం నెగ్గలేదు. 2011లో అన్నా హజారే మళ్ళీ ఎత్తుకున్నప్పుడు అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ ఖురేషీ మన దేశంలో ఇది కుదిరే పని కాదన్నారు. ఏ రాష్ట్రానికారాష్ట్రం చేసుకునే చట్టం కూడా కాదిది, పార్లమెంటే చేయాలి.

ఇక అసలు విషయానికొస్తే, రీకాల్ అనగానే మీ మనసులో ఒక బొమ్మ ఉంటుంది. కోపమొచ్చిన ఊరివాళ్ళు రచ్చబండ దగ్గర కూడి, కాగితం రాసి, ఒకరి తర్వాత ఒకరు సంతకం పెడుతున్నట్టు. మన జిల్లాల్లో అట్లా జరగదు. ఆ కాగితం ముందు పోయేది ‘ఇన్‌ఛార్జి’ చేతికి.

అధికార పార్టీ ఓడిన చోట, ఆ ఓడిన అభ్యర్థే సాధారణంగా నియోజకవర్గానికి ఇన్‌ఛార్జి అవుతాడు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తంతు. పింఛను సిఫారసులు, పోస్టింగులు, ఏ పల్లెకు సిమెంటు రోడ్డు ముందు పడాలన్నది, అన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. గెలిచిన ప్రతిపక్ష ఎమ్మెల్యేకు శిలాఫలకం మీద పేరు దక్కడమే పెద్ద గొడవ. ప్రోటోకాల్ ప్రకారం ఎవరి పేరు ముందుండాలో, కుర్చీ ఎక్కడ వేయాలో తేలక మండల మీటింగు సగంలో ఆగిపోవడం మా సర్వీసులో మామూలు. అట్లాంటి చోట రోడ్డు ఎందుకు పడలేదంటే, పడకపోతేనే ఇన్‌ఛార్జికి లాభం కాబట్టి. ఇక రీకాల్ చట్టం కూడా చేతికిస్తే ముందు రోడ్డు ఆపుతాడు, తర్వాత రోడ్డు వేయలేదని సంతకాలు పెట్టిస్తాడు.

మన దగ్గరి ఊర్లతోనే చూడండి. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తున్న కుప్పంలో 2021 నవంబరులో మునిసిపాలిటీ వైఎస్సార్సీపీకి పోయింది. అప్పుడు రాష్ట్రంలో అధికారం వాళ్ళదే. ‘వై నాట్ 175’ అన్న నినాదంలో మొదట వినబడ్డ పేరు కుప్పమే. ఆ రోజు రీకాల్ చట్టం ఉండుంటే ప్రతిపక్ష నాయకుడి మీద కాగితం నెల తిరక్కుండా కలెక్టరేటుకు చేరేది. 2024లో కథ తిరగబడింది. వైఎస్సార్సీపీకి రాష్ట్రం మొత్తం మీద మిగిలిన 11 సీట్లలో పుంగనూరు ఒకటి. ఇప్పుడు చట్టం ఉంటే కాగితం అక్కడికి పోతుంది. రెండు సందర్భాల్లోనూ కాగితం మొదలుపెట్టేది అధికారంలో ఉన్నవాళ్ళు, దాని కింద ఉండేది వాళ్ళకు ఎదురు మాట్లాడే గొంతు. సొంత పార్టీ ఎమ్మెల్యే ఎంత పనికిమాలినవాడైనా ఆయన మీద సంతకాల పుస్తకం తెరుచుకోదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. పెరూలో 1990ల చివరి నుంచి స్థానిక సంస్థల్లో రీకాల్ ఉంది. 2013 దాకా వేల మంది మేయర్లు, కౌన్సిలర్ల మీద ఓటింగు జరిగింది. కాగితం మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది కిందటి ఎన్నికల్లో ఓడినవాళ్ళేనని అక్కడ దాన్ని చదివినవాళ్ళు తేల్చారు. 2013 మార్చిలో లిమా మేయర్ సుసానా విల్లరాన్ మీద ఓటింగు పెడితే ఆమె బయటపడింది, ఆమెతో ఉన్న కౌన్సిలర్లలో ఎక్కువమంది పోయారు. తైవాన్ సంగతి మొన్నమొన్నటిది. 2025 జులై 26న ఒకే రోజు 24 మంది ప్రతిపక్ష కేఎంటీ శాసనసభ్యుల మీద రీకాల్ ఓటింగు జరిగింది, ఆగస్టు 23న ఇంకో ఏడుగురి మీద. అడిగింది పౌర సంఘాలే అయినా వెనక అధికార పార్టీ అండ ఉంది. ఒక్కరూ దిగలేదు. నెలల తరబడి సంతకాలు, పరిశీలన, ప్రచారం, బూత్‌లు, చివరికి సభ ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

మీరు చెప్పిన అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ లేదు, కాలిఫోర్నియాలో 1911 నుంచి ఉంది. అందరూ 2003లో గవర్నర్ గ్రే డేవిస్‌ను దించి ష్వార్జ్‌నెగర్‌ను ఎక్కించిన సంగతే చెబుతారు. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది జోష్ న్యూమన్ అనే సెనేటర్ కథ. 2017లో పెట్రోలు పన్ను పెంచి రోడ్లు బాగుచేసే బిల్లుకు ఆయన ఓటేశాడు. అదే బిల్లుకు ఓటేసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఈయన తక్కువ మెజారిటీతో గెలిచినవాడు కాబట్టి ఎదుటి పార్టీ ఈయన్నే ఏరుకుంది. 2018 జూన్‌లో దించారు. 2020లో అదే సీటుకు పోటీచేసి, తన స్థానంలో వచ్చినామెను ఓడించి మళ్ళీ కూర్చున్నాడు. రోడ్లకు డబ్బు కావాలని ఓటేసినవాణ్ణి పన్ను పెంచాడని దించారు, ఇక రోడ్డు వేయలేదని దించడం మీ వంతు.

ఇప్పుడు సంతకాల దగ్గరికి వస్తాను, నాకు బాగా తెలిసిన భాగం ఇది. తిరుపతి లాంటి నియోజకవర్గంలో సుమారు 3 లక్షల ఓట్లుంటాయి. నాలుగో వంతు సంతకాలు కావాలని చట్టంలో రాశారనుకోండి, 75 వేలు. సంతకం ఓటరుదేనని ఎవరు తేల్చాలి? బూత్ లెవల్ ఆఫీసరు. ఆయన దేంతో పోల్చాలి? ఎప్పుడో ఫారం 6 మీద పెట్టిన సంతకంతో. ఆ ఫారం దొరికితే కదా. వేలిముద్రలైతే పోల్చే సాధనమే ఆయన దగ్గర లేదు. ఇంటింటికీ పోయి ‘ఈ సంతకం నీదేనామ్మా’ అని అడగాలి. అడిగేవాడు అంగన్‌వాడీ కార్యకర్తో సచివాలయ ఉద్యోగో అయి ఉంటాడు, ఆ ఉద్యోగం ఎవరి దయ మీద ఉంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభకు ఉప ఎన్నిక జరిగింది. బస్సుల్లో బయటివాళ్ళను దించారని ఆ రోజు టీవీలన్నీ గోల పెట్టాయి. అంతకంటే లోతైన సంగతి తర్వాత బయటపడింది. ఓటర్ల నమోదు అధికారి లాగిన్‌తో వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ అయిన వ్యవహారంలో ఒక ఐఏఎస్ అధికారి 2024 జనవరిలో సస్పెండ్ అయ్యారు. ఈసీ పహారా, కేంద్ర బలగాలు, ఏజెంట్లు, కెమెరాలు ఉన్న పోలింగుకే ఈ గతి పడితే, ఏ పహారా లేకుండా చెట్టు కింద పోగయ్యే 75 వేల సంతకాల గతి మీరే ఊహించుకోండి.

పదీ పన్నెండు సంతకాలు సరిచూడడమే ఎంత తంటానో చెబుతాను. నేను ఆర్డీఓ ఆఫీసులో పనిచేసే రోజుల్లో ఒక మండలాధ్యక్షుడి మీద అవిశ్వాసం వచ్చింది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సగం మందికి తగ్గకుండా సభ్యులు నోటీసు మీద సంతకం పెట్టాలి, పెట్టినవాళ్ళలో ఇద్దరు స్వయంగా తెచ్చి ఇవ్వాలి. ఇచ్చారు. మర్నాటి నుంచి ఎంపీటీసీలెవరూ ఊళ్ళో లేరు, చేజారకుండా అందరినీ ఎక్కడికో తీసుకుపోయారు. క్యాంపు. మీటింగు రోజు పొద్దున అందరూ ఒకే బండిలో దిగారు, వెనక ఇంకో బండిలో వాళ్ళ ఫోన్లు. హాజరు పుస్తకంలో ఒక మహిళా సభ్యురాలు పెట్టిన సంతకం నోటీసు మీదున్న దాంతో కలవలేదు. ఆర్డీఓ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగారు. ఆమె కంటే ముందు గుమ్మం బయటి నుంచి ఆమె భర్త నోరు తెరిచాడు. ఆర్డీఓ గారు చెయ్యెత్తి ఆపితే ఆమె నింపాదిగా, ‘ఆ పొద్దు జీపులో పెట్టినాను సారూ, గుంతల దోవ’ అంది. అక్కడున్నవాళ్ళు నవ్వేశారు. నిజమే కావచ్చు. నోటీసు చెల్లుతుందా లేదా అని దాని మీద ఇరువైపుల లాయర్లూ సాయంత్రం దాకా వాదించుకున్నారు.

పనిలో పని, క్యాంపుల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ప్రతినిధిని ప్రతినిధులే దించే పద్ధతి మన దగ్గర ఉంది, దాని ఫలితం కళ్ళముందే ఉంది. తిరుపతి కార్పొరేషన్‌లో 2021లో ఏకగ్రీవాలతో కలిపి ఫలితం తేలిన 49 డివిజన్లలో 48 వైఎస్సార్సీపీ గెలిచింది. 2025 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్ ఎన్నిక వచ్చేసరికి కార్పొరేటర్ల బస్సును అడ్డగించారు, ఎన్నిక మర్నాటికి వాయిదా పడింది, చివరికి టీడీపీ అభ్యర్థి గెలిచారు. డివిజన్లలో ఓటేసిన జనం మారలేదు, కార్పొరేటర్లు మారారు. విశాఖ మేయర్ మీద 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం నెగ్గింది, నాలుగేళ్ళ దాకా పెట్టకూడదన్న గడువు దాటీదాటగానే. చట్టంలో గడువు రాస్తే రాజకీయం ఆ తేదీని క్యాలెండర్లో చుట్టి పెట్టుకుంటుందే గానీ నెమ్మదించదు.

‘అయితే కింది నుంచి, సర్పంచి నుంచి మొదలుపెడదాం’ అని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. నాకు ఇది ఇంకా ప్రమాదంగా కనిపిస్తుంది. హర్యానా 2020లో సర్పంచులకు రీకాల్ తెచ్చింది, సగం మంది ఓటర్లు రాతపూర్వకంగా అడిగితే రహస్య ఓటింగు. ఓటు రహస్యమే, కానీ అంతకుముందు పెట్టిన సంతకం రహస్యం కాదు. వెయ్యి ఓట్ల పల్లెలో ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో పొద్దుగూకేలోపల అందరికీ తెలుస్తుంది. ఆ సర్పంచి రిజర్వేషన్ సీటులో గెలిచిన దళిత మహిళ అయితే, సంతకాలు పోగేసేది ఎవరో, పెట్టమని ఎవరి ఇళ్ళ ముందు నిలబడతారో నేను చెప్పక్కర్లేదు.

మధ్యప్రదేశ్ వాళ్ళది కొంత మెరుగు. మునిసిపల్ అధ్యక్షులను జనం నేరుగా దించే ఓటింగు అక్కడుంది. 2001లో అనూప్‌పూర్‌లో మొదటిసారి దించారు. బ్యాలెట్ మీద రెండే గుర్తులు, ఒకటి ఖాళీ కుర్చీ, ఒకటి మనిషి కూర్చున్న కుర్చీ. చదువురానివాళ్ళకు కూడా ఇట్టే అర్థమయ్యే గుర్తులు, నాకు చాలా నచ్చాయి. కానీ అక్కడ కూడా దాన్ని మొదలుపెట్టేది ఓటరు కాదు. నాలుగింట మూడొంతుల కౌన్సిలర్లు సంతకం పెడితేనే కుర్చీ గుర్తులు బయటికొస్తాయి. అంటే మళ్ళీ క్యాంపే.

సంతకం బయటపడితే ఏమవుతుందో వెనిజులా చూపించింది. 2004లో అధ్యక్షుడు చావెజ్ మీద రీకాల్ అడిగిన లక్షల మంది పేర్లను ఆయన పార్టీ సభ్యుడు టాస్కాన్ ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఆ జాబితాలో పేరుందని ఉద్యోగాలు పోయాయని, రావలసినవి ఆగాయని ఎందరో మొరపెట్టుకున్నారు. మన పల్లెలో ముసలమ్మకు ఎవరూ జాబితా చూపించక్కర్లేదు. ‘సంతకం పెట్టినావంట గదవ్వా’ అని పింఛనిచ్చే ఒకటో తేదీ ముందు రోజు ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి అంటే చాలు.

లెక్క ఇంకొకటుంది. గెలిచిన వెంటనే దించకూడదు కాబట్టి మొదటి రెండేళ్ళు వదిలేయాలి. చివరి ఏడాది ఉప ఎన్నిక పెట్టనక్కర్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ ఇప్పటికే చెబుతోంది. మిగిలింది రెండేళ్ళు. సంతకాలకు, పరిశీలనకు, కోర్టు స్టేలకు, ఓటింగుకు, ఆ తర్వాత ఆరు నెలల్లో ఉప ఎన్నికకు అది ఆవిరైపోతుంది. కొత్తాయన ప్రమాణం చేసి ఆఫీసు తెరిచేసరికి పాతాయన అసలు ఎన్నికకు తయారవుతుంటాడు. ముక్కోణపు పోటీలో 40 శాతంతో గెలిచిన ఎమ్మెల్యేకు 60 శాతం మంది మొదటి రోజు నుంచే వ్యతిరేకం. ‘దించాలా వద్దా’ అని అడిగితే దించాలనే అంటారు. ఆయన చేసిన తప్పు దాంట్లో ఏముంది?

పార్టీ మారడం వేరే జాతి. ఇక్కడ ‘పని చేశాడా లేదా’ అన్న వాదన లేదు. మీరు ఒక గుర్తు చూసి వేసిన ఓటును ఆయన ఇంకో గుర్తు కిందికి మోసుకుపోయాడు, తేదీతో సహా పేపర్లో ఫొటో ఉంటుంది.

తిరుపతి ఓటరుకు ఇది కొత్త కాదు. 2009లో రైలింజన్ గుర్తు మీద చిరంజీవిని గెలిపించారు. 2011లో ప్రజారాజ్యం మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మూడింట రెండొంతుల మంది కలిస్తే అది విలీనం, ఫిరాయింపు కాదు అని పదో షెడ్యూలే అంటుంది. రైలింజన్‌కు పడ్డ ఓటు హస్తం లెక్కలో చేరింది, తిరుపతిలో ఎవరినీ అడగలేదు. 2012లో ఆయన రాజ్యసభకు పోతే సీటు ఖాళీ అయి జూన్ 12న ఉప ఎన్నిక వచ్చింది, భూమన కరుణాకర్‌రెడ్డి గెలిచారు. అంటే విలీనం మీద జనం మాట వినే అవకాశం వచ్చింది, అదీ ఆయన వేరే పదవికి పోయాడు కాబట్టి.

పలమనేరు ఇంకా సూటిగా చెబుతుంది. 2014లో అమరనాథరెడ్డి వైఎస్సార్సీపీ నుంచి గెలిచారు, 2016లో టీడీపీలోకి పోయారు, 2017 ఏప్రిల్‌లో మంత్రి అయ్యారు. ఆ ఐదేళ్ళలో అట్లా మారినవాళ్ళు 23 మంది. అనర్హత పిటిషన్లు స్పీకర్ దగ్గర పడి ఉన్నాయి, సభ గడువే తీరిపోయింది. 2019లో పలమనేరు జనం ఆయన్ని ఓడించారు, 2024లో మళ్ళీ గెలిపించారు. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది నేను చెప్పేది కాదు, పలమనేరు వాళ్ళు రెండుసార్లు రెండు రకాలుగా చెప్పుకున్నారు. నా బాధల్లా 2016లో అడగాల్సింది 2019లో అడిగారని. అన్నట్టు 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లే వచ్చాయి, ఆ అంకె మీద టీ అంగళ్ళలో పడ్డ జోకులు ఇప్పటికీ వినబడతాయి.

తర్వాతి సభ కూడా అదే చేసింది. 2019 చివరి నుంచి వైఎస్సార్సీపీ వైపు నడిచిన టీడీపీ ఎమ్మెల్యేలు నలుగురు, 2023లో పార్టీకి ఎదురుతిరిగిన వైఎస్సార్సీపీ ఎమ్మెల్యేలు నలుగురు, వాళ్ళలో మన వెంకటగిరి నుంచి గెలిచిన ఆనం రామనారాయణరెడ్డి ఒకరు. ఎనిమిది మందినీ స్పీకర్ 2024 ఫిబ్రవరి 26న అనర్హులన్నారు. ఎన్నికల షెడ్యూలు రావడానికి అప్పటికి మూడు వారాలు కూడా లేవు. నాలుగేళ్ళ కిందట మారినవాళ్ళకూ, ఏడాది కిందట మారినవాళ్ళకూ ఒకే రోజు, అదీ సీటుకు విలువ లేని రోజు. తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. గడువు లేకపోతే స్పీకర్ కదలడు, ఏ పార్టీ స్పీకరైనా సరే, ఎందుకంటే ఆయనా ఆ పార్టీ టికెట్ మీద గెలిచినవాడే.

అందుకే నేను అడిగే మార్పు చిన్నది. వేరే పార్టీలో చేరిన ఎమ్మెల్యే మీద నిర్ణయం స్పీకర్ నుంచి తీసేయాలి. మిగతా అనర్హతల మీద 192వ అధికరణం కింద గవర్నరు ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దాని ప్రకారమే నిర్ణయిస్తారు. దీన్నీ ఆ దారిలోకి మార్చమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. దానికి చట్టంలోనే గడువు కలపాలి. విలీనం మినహాయింపు తీసేయాలి, పదిమంది కలిసి గోడ దూకితే అది మెట్లెక్కి పోయినట్టు కాదు. సీటు ఖాళీ అయ్యాక ఆరు నెలల్లో ఉప ఎన్నిక ఎలాగూ ఉంది. మారినాయన్ని పోటీ చేయనివ్వాలి. జనానికి ఆయన కారణం నచ్చితే మళ్ళీ పంపుతారు. 2011 డిసెంబరు అవిశ్వాసంలో విప్‌ను, అంటే ఇట్లాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి సీట్లు పోగొట్టుకున్నవాళ్ళ చోట్లలో 2012 జూన్‌లో జరిగింది అదే. తిరుపతితో కలిపి 18 సీట్లలో 15 వైఎస్సార్సీపీ గెలిచింది. పక్కనున్న రైల్వే కోడూరు, రాజంపేట, రాయచోటిల్లో సీటు పోయినవాళ్ళే మళ్ళీ గెలిచి వచ్చారు. కానీ ఆ ఉప ఎన్నిక రాకముందు మంత్రి పదవి మాత్రం ఇవ్వకూడదు.

బ్రిటన్ 2015లో చేసిన చట్టం దాదాపు ఈ తర్కం మీదే ఉంది. అక్కడ ఎంపీ మీద ఊరికే సంతకాలు మొదలుపెట్టలేరు. జైలుశిక్ష పడాలి, లేదా సభ నుంచి కనీసం పది రోజులు సస్పెండ్ కావాలి, లేదా ఖర్చుల బిల్లుల్లో మోసం చేసినట్టు తేలాలి. అప్పుడే ఆరు వారాలు పుస్తకం తెరుస్తారు, 10 శాతం పెడితే సీటు పోతుంది. 2019లో పీటర్‌బరో ఎంపీ స్పీడు చలానా కేసులో అబద్ధమాడి జైలుకు పోయి ఇట్లా సీటు పోగొట్టుకుంది. 2018లో నార్త్ ఆంట్రిమ్‌లో 9.4 శాతం దగ్గర ఆగి ఇంకో ఎంపీ బతికిపోయాడు. ముందు ఒక సంఘటన జరగాలి, దాన్ని ఎవరో ఒకరు పద్ధతి ప్రకారం తేల్చాలి. ఓడినాయన చేతిలో తాళం ఉండదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, మర్యాదగా ఒప్పుకోవాలి. ఫిరాయింపు చట్టం బిగిస్తే పార్టీ అధినేత చేతిలో ఎమ్మెల్యే కీలుబొమ్మ అవుతాడు. ఇప్పటికే అయ్యాడు. అందుకని ఒక బిల్లు మీద పార్టీకి వ్యతిరేకంగా ఓటేయడం, మా నియోజకవర్గానికి అన్యాయం జరిగిందని సొంత ప్రభుత్వాన్ని సభలో నిలదీయడం, ఇవి సీటు పోయే కారణాలు కాకూడదు. ప్రభుత్వం పడిపోయే ఓటు ఒక్కదానికే విప్ ఉంటే చాలు. సభకే రాకపోవడం మాత్రం వేరే మాట. అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించొచ్చని 190వ అధికరణం ఉంది. 2017 నవంబరు నుంచి వైఎస్సార్సీపీ సభకు దూరంగా ఉంది, 2024 తర్వాత మళ్ళీ అదే పార్టీ అదే చేసింది. 2021 నవంబరులో చంద్రబాబు శపథం చేసి బయటికొచ్చారు. ఆ అధికరణాన్ని వాడితే ప్రతిపక్షాన్ని తుడిచేసే ఆయుధం అవుతుంది, వాడకపోతే జీతం తీసుకుని రానివాణ్ణి అడిగే దిక్కుండదు. నాకు దీని మీద తేల్చి చెప్పేంత ధైర్యం లేదు.

ఇక మీ రోడ్డు. ఎమ్మెల్యే పని మీద కోపం పెంచుకునే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. పంచాయతీరాజ్ ఇంజనీరింగుదా, ఆర్‌అండ్‌బీదా, ఊరి లోపలి వీధి అయితే పంచాయతీదా. సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సుకు పోయి అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు వేయండి, ఊరి పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ‘మా రోడ్డుకు అంచనా తయారైందా, ఏ తేదీన, ఎంతకు, ఎవరి దగ్గర ఆగింది, దీనికోసం ఎమ్మెల్యే గారి నుంచి వచ్చిన సిఫారసు లేఖల నకళ్ళు ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. లేఖలే లేవని వస్తే ఆ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి పోండి, ఒక్కరు కాకుండా పదిమంది. లేఖ ఉండి అంచనా వేయలేదని వస్తే ముందు పోవాల్సింది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరికి. అన్నీ ఉండి నిధులు రాలేదని వస్తే మాత్రం, మీ నియోజకవర్గంలో ఇన్‌ఛార్జి ఎవరో చూసుకుని, ఆయన్ని కూడా పిలిచి అడగండి.